ఆషాఢంలో చూసిన ఇల్లు

ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే కుడిచేతి చూపుడువేలు దాచుకోవాలనిపిస్తుంది. వేలి సంగతి తరవాత చెబుతాను, ముందు ఇంటి సంగతి. హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్నుంటాయి. ఆఫీసుకి ఎంతసేపు పడుతుంది, బోరులో నీళ్ళొస్తాయా, కరెంటు పోతే జనరేటరుందా, కారు పెట్టుకోడానికి చోటుందా (కారు లేనివాడు కూడా అడుగుతాడు, ఎప్పటికైనా కొనకపోతానా అని). నేను ఇవేవీ అడగలేదు. తిన్నగా బాల్కనీలోకి వెళ్ళి, కళ్ళు మూసుకుని, చెవులు రిక్కించి, "ఇక్కడికి పాట వినబడుతుందా అండీ?" అని అడిగేవాణ్ణి. ఇంటివాళ్ళు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, "బ్యాచిలర్లకి ఇవ్వమండీ" అనేవారు.

నాకేదో పుట్టుకతోనే సంగీతజ్ఞానం అబ్బిందని మీరనుకుంటే పొరపాటు. పాటంటే ఇష్టమే. ఎదురుగా కూర్చుని ఎవరైనా పాడుతున్నా, వాయిస్తున్నా ఒళ్ళు మరిచిపోతాను. మరిచిపోయి ఊరుకోను, తాళం వేస్తాను. ఆ తాళం పాడేవాళ్ళదీ కాదు, వాయించేవాళ్ళదీ కాదు, పూర్తిగా నా సొంతం. చిన్నప్పుడు కాకినాడలో ఒక కచేరీకి వెళ్ళి ముందు వరసలో కూర్చుంటే, మృదంగం ఆయన నా చెయ్యి చూసి చూసి, వాయించడం ఆపి, "బాబూ, ఆ చేతిని కాసేపు తొడకింద పెట్టుకుందూ, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. అదీ నా విద్వత్తు. అలాంటివాణ్ణి, విశాఖపట్నంలో పెళ్ళిచూపులకి వెళ్ళి, అమ్మాయి గాత్రం నేర్చుకుంటోందని తెలియగానే "నాకూ సంగీతమంటే ప్రాణమండీ" అనేశాను. అక్కడితో నోరు మూసుకున్నా బాగుండేది. "ఎదురుగా కూర్చుని కచేరీ వినకపోతే నాకు వారం గడవదు" అని కూడా అన్నాను. పక్కనే కూర్చున్న మా పిన్ని నా మోచెయ్యి గట్టిగా గిల్లింది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

అమ్మాయి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "అయితే మీరు అర్థం చేసుకుంటారు," అంది. "ఇక్కడ నాకు ఉద్యోగం ఉంది, సాయంత్రమైతే మా వీధి చివర గురువుగారింట్లో పాట ఉంది. ఉద్యోగమైతే హైదరాబాదుకి మార్పించుకోగలను, పాటని మార్పించుకోలేను కదా. ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఎవరో ఒకరు నిజంగా కూర్చుని పాడేదో, వాయించేదో ఉండాలి. అలాంటి చోట ఇల్లు చూడండి. పెళ్ళయ్యాక సెలవు పెట్టి వచ్చి చూస్తాను. నచ్చితే బదిలీకి రాసేస్తాను, లేదంటే దొరికేదాకా నేనిక్కడ, మీరక్కడ. తొందరేమీ లేదు." తొందర లేదట! ముహూర్తం శ్రావణంలో పెట్టారు, ఇప్పుడేమో ఆషాఢం వచ్చేసింది, నాకు ఆ అమ్మాయి అప్పటికే పీకలదాకా నచ్చేసింది. పెళ్ళి చేసుకుని కూడా మళ్ళీ బ్యాచిలర్‌గా బతకడమనే ఆలోచనకే నాకు అన్నం సహించడం మానేసింది.

అప్పట్లో నేను చందానగర్‌లో మా పిన్ని ఇంట్లో ఉండేవాణ్ణి. బాబాయి సర్కారు ఉద్యోగి, ఆఫీసులోని ఫైళ్ళ మౌనాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్న మనిషి. ఆయన వాటా మాటలు కూడా మా పిన్నే మాట్లాడేది. ఇల్లు వెతుకుతానని నేననగానే ఆవిడ అట్లకాడ పట్టుకునే బయటికొచ్చింది. "ఆషాఢంలో ఇల్లు మారతారట్రా ఎవరైనా? ఈ నెల్లో ఈ ఊళ్ళో బోనాలు తప్ప ఇంకో శుభకార్యం ఉండదు. పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, ఏవీ ఉండవు!" అంది. "మారను పిన్నీ, చూసి పెట్టుకుంటానంతే" అన్నాను. "చూస్తే చూడు, చూడ్డానికి దోషం లేదులే" అని సర్దుకుంది. ఈ మాటలు ఆవిడ ఆ నెలంతా రోజూ కాఫీతోపాటు నాకు అందించింది. ఈ ఒక్క విషయం మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

మొదటి ఇల్లు కొండాపూర్‌లో చూశాం. కింద ఒక కాఫీ హోటలు, శనివారాలు అందులో కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని ఎదురుగానే పాడతారట. ఇంకేం, కచేరీ మెట్లు దిగితేనే ఉంది అనుకుని పిన్నిని వెంటబెట్టుకుని శనివారం సాయంత్రమే వెళ్ళాను. ఇంటివాళ్ళు మంచినీళ్ళిచ్చేసరికి కింద మొదలైంది. గ్లాసు బల్లమీద తనంతట తానే నడవడం మొదలుపెట్టింది. ఒక కుర్రాడు ఇంగ్లీషులో గుండెలు పగిలేలా పాడుతున్నాడు. మా పిన్ని కాసేపు విని, "పాపం, ఆ పిల్లాడికి ఏం కష్టమొచ్చిందిరా? వాళ్ళమ్మకి తెలుసా?" అంది. పాట అంతేనని, అది ప్రేమగీతమని ఎంత చెప్పినా వినలేదు. మెట్లు దిగుతూ, "ఈ ఇంట్లో పాలు పొంగించక్కర్లేదురా, వాటంతటవే పొంగుతాయి" అని తేల్చేసింది.

రెండోది తెల్లాపూర్‌లో, పెద్ద గేటున్న కాలనీ. గేటులో మా ఫొటో తీసుకుని, ఫోనుకి నంబరు పంపి, ఆ నంబరు చెప్పాకగానీ లోపలికి వదల్లేదు. (పిన్ని ఫొటో సరిగ్గా రాలేదని రెండోసారి తీయించుకుంది.) లోపల క్లబ్బుహౌసు వెనక అర్ధచంద్రాకారంలో మెట్లు, మధ్యలో గుండ్రటి రాతి వేదిక! నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "కచేరీలు అవుతుంటాయా అండీ?" అని కమిటీ సెక్రటరీగారిని అడిగాను. ఆయన గంభీరంగా, "కమిటీకి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలండి. మైకు లేకుండా, గొంతు పెద్దగా పైకెత్తకుండా పాడితే మాకేం అభ్యంతరం లేదు" అన్నారు. ఇంతవరకూ ఎవరైనా పాడారా అంటే, పిల్లల వేషాల పోటీ ఒకటి అయిందన్నారు. ఆ పక్కనే బోర్డు ఉంది: మెట్లమీద కూర్చోరాదు. దాని పక్కన ఒక పిల్లి తాపీగా పడుకుని ఉంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు కాబోలు.

మూడోది శేరిలింగంపల్లిలో, మెయిన్ రోడ్డు వదిలేసి లోపలికి వెళితే వచ్చే ఒక సందులో, రెండో అంతస్తు. దీనికి పిన్ని రాలేదు, మోకాళ్ళు నొప్పులంది. (వచ్చుంటే ఈ కథే ఉండేది కాదు.) సాయంత్రం వేళ ఒక్కణ్ణే వెళ్ళాను. వాచ్‌మన్ అన్న తాళం తీశాడు. మామూలుగానే బాల్కనీలోకి వెళ్ళి కళ్ళు మూసుకున్నాను. అంతే! పక్కనున్న ఎత్తయిన గోడ అవతలనుంచి సన్నాయి. రికార్డు కాదు, ఫోను కాదు, నిజంగా మనిషి ఊపిరి పోసి వాయిస్తున్న సన్నాయి. ఒకే ముక్కను వాయించి, ఆగి, మళ్ళీ అదే ముక్క ఇంకొంచెం నెమ్మదిగా వాయిస్తున్నారు. నాకు వెన్నులో జలదరింపు వచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే అవతల మామిడిచెట్లు, కొత్తగా గడ్డి పరిచిన పెద్ద ఆవరణ, ఒక చివర ఎత్తయిన వేదిక, ఒక పక్కన టార్పాలిన్ కప్పి ఒకదానిమీద ఒకటి పేర్చిన కుర్చీలు. వేదిక ఉంది, కుర్చీలున్నాయి, సన్నాయి ఉంది. ఎవరో సంగీతాభిమాని కట్టించిన ఆరుబయలు సభాస్థలం కాక ఇంకేమై ఉంటుంది?

"అన్నా, ఈ సన్నాయి రోజూ వినబడుతుందా?" అని అడిగాను.

"రోజూ ఇనబడ్తది సార్. మేళమోళ్ళు ఈడ్నే ఎనక రూముల ఉంటరు. పెద్దాయన పొద్దుమాపు సాధన జేస్తడు. ఇప్పుడు జర నిమ్మళంగ ఉన్నది గని, ఇగ శ్రావణం రానియ్యున్రి..."

ఆ తరవాత అతనేమన్నాడో నేను వినలేదు. అప్పటికే విశాఖపట్నానికి ఫోను కలిపేసి, ఫోనుని గోడవైపు చాపి నిలబడ్డాను. అవతల ఆ అమ్మాయి ఆ ముక్క పూర్తయ్యేదాకా వింది. తరవాత, "ఎవరది? ఎంత బాగుంది! ఇది నిజంగా ఇంటి పక్కనేనా?" అంది. "పక్కన కాదు, గోడకి ఆనుకునే. నడవక్కర్లేదు కూడా" అన్నాను, ఆ సన్నాయిని నేనే కనిపెట్టినట్టు. "ఆ ఇల్లే తీసేసుకోండి" అంది. ఆ గొంతులో సంతోషం విని నేను ఆ రోజు సందులోంచి మెయిన్ రోడ్డుదాకా ఈల వేసుకుంటూ నడిచాను. ఆవరణ గేటు ఏ రోడ్డుమీదికి ఉందో, ఆ గేటుమీద బోర్డేదైనా ఉందో చూడాలన్న ఆలోచన రాలేదు.

శ్రావణం వచ్చింది. పెళ్ళి అయింది. సెలవు పెట్టి, ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో గుడ్డసంచిలో చుట్టిన తంబూరా పట్టుకుని మా ఆవిడ హైదరాబాదు వచ్చింది. పాలు పొంగించడానికి పిన్ని పంచాంగం చూసి, శ్రావణంలోకెల్లా మంచి ముహూర్తం పెట్టింది. పొయ్యిమీద కొత్త గిన్నె, గిన్నెలో పాలు, చుట్టూ మేం. పాలు అంచుదాకా వచ్చాయి. పిన్ని "శుభం" అనబోయింది. ఆ శుభం మాకు వినబడలేదు. ముందు కిటికీ అద్దాలు దడదడలాడాయి, తరవాత నేల అదిరింది, ఆపైన ఏదో మీద పడ్డట్టు డీజే వచ్చి పడింది. దాని వెనకే తీన్‌మార్ డప్పులు, దాని వెనకే బాణాసంచా. బాల్కనీలోకి పరిగెత్తి చూస్తే నా సంగీతసభ నిండా జనం, వేదికమీద పూల మంటపం, గడ్డిమీద బిర్యానీ గుండిగలు. పూలతో రాసిన పెళ్ళికొడుకు, పెళ్ళికూతుళ్ళ పేర్లు నాకు తలకిందులుగా కనబడ్డాయి.

మా పిన్ని బాల్కనీలోకి వచ్చి, కిందికి చూసి, నన్ను చూసి, నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "ఒరేయ్! ఫంక్షన్ హాలు గోడకి ఆనుకుని ఇల్లు తీసుకున్నావట్రా? అదీ ఆషాఢంలో చూసి! నెలంతా రోజూ చెప్పాను కదరా, ఈ నెల్లో పెళ్ళిళ్ళుండవని! నీ పెళ్ళి కూడా శ్రావణందాకా ఆగింది అందుకే కదరా!" ఆ గోలలో ఆవిడ ఇదంతా అరిచి చెప్పాల్సి వచ్చింది. జీవితంలో మొదటిసారి బాబాయి కూడా ఒక మాటన్నాడు, కానీ అది డీజేలో కలిసిపోయింది. తరవాత అడిగితే మళ్ళీ అనలేదు. ఈలోగా పాలు పొంగి, పొయ్యి ఆరి, వాచ్‌మన్ అన్న గుమ్మంలో ప్రత్యక్షమై, "నేనాదినమే చెప్పవోయిన సార్, మీరు ఫోన్ల వడ్డరు. పరేషాన్ గాకున్రి, మంచి ముహూర్తాలున్నప్పుడే గింత లొల్లి, మిగిలిన దినాలు జర తక్కువనే" అని ఓదార్చాడు.

మా ఆవిడ మాత్రం నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చిందిన పాలు తుడిచింది, సూట్‌కేసులోంచి రెండు చీరలు మాత్రం బయటికి తీసింది, తంబూరా సంచి విప్పకుండానే మూలకి ఆనించింది. ఆ విప్పని సంచిని చూస్తే నాకు గుండెలో కలుక్కుమంది. అప్పటినుంచి నా పాట్లు మొదలయ్యాయి. డీజే వేళకి ఆవిణ్ణి దుర్గం చెరువు గట్టుమీదికి షికారు తీసుకెళ్ళేవాణ్ణి, అక్కడినుంచి కావాలని ట్రాఫిక్ ఎక్కువున్న దారిలో ఇంటికి తెచ్చేవాణ్ణి. ఆఫీసులు వదిలే వేళ గచ్చిబౌలి కూడలిలో కావాలని ఇరుక్కున్న మనిషి హైదరాబాదు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇంటికొచ్చాక కిటికీలు మూసి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, "చూశావా, అసలు వినబడ్డమే లేదు" అని పెద్దగా అరిచేవాణ్ణి. ఆవిడ కూడా "అవునవును" అని అంతే పెద్దగా అరిచేది, పాపం. శనివారం సాయంత్రం చీరలు మడతపెట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "సోమవారం రైలుకి వెళతానండీ. మీమీద కోపమేం లేదు. మెల్లగా ఇంకో ఇల్లు చూద్దాం." కోపం లేదన్నందుకు నాకింకా ఏడుపొచ్చింది. ఆవిడ వెళితే మళ్ళీ వస్తుందని తెలుసు, కానీ ఎప్పుడు? ఈ ఊళ్ళో నడిచి వెళ్ళేంత దూరంలో పాట ఎక్కడుందని? ఆ పూట నాకు నిజంగానే భయం వేసింది.

ఆదివారం పొద్దున్న, కింద మరో పెళ్ళి. కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడ్డ మా ఆవిడ ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "ఆగండి. వినండి." నాకు డీజే తప్ప ఇంకేం వినబడలేదు. "దాని కింద," అంది. "సన్నాయి. మోహన రాగం వాయిస్తున్నారు." "అవును, మోహనే" అన్నాను వెంటనే. (ఆవిడ ఇంకేం పేరు చెప్పినా అవుననే అనేవాణ్ణి.) "మీరు ఫోన్లో వినిపించింది ఈయన్నే. ఇక్కడినుంచైతే స్పీకర్లే వినబడతాయి. పదండి, దగ్గరికి వెళదాం." పిలవని పెళ్ళికా అన్నాను. "పెళ్ళికెవరు వెళుతున్నారు?" అని ఆవిడ అప్పటికే పట్టుచీర తీస్తోంది.

నాకు పెళ్ళిలో పెట్టిన పంచె కట్టుకుని, ఆవిడ వెనకే గేటు దగ్గరికి వెళ్ళాను. కొత్త బట్టలు, ఆవిడ కాళ్ళకి ఇంకా వదలని పారాణి చూసి మామీద పన్నీరు చల్లి, చేతిలో మిఠాయి పెట్టారు. "పిల్ల తరఫా, పిల్లగాని తరఫా?" అని ఒకాయన ఆప్యాయంగా అడిగాడు. నా నోట్లోంచి "రెండువైపులా అండీ" అని వచ్చింది. "గట్లనా! అయితే ముందుగాల టిఫిన్ జేయున్రి" అన్నాడు ఇంకా ఆప్యాయంగా. మేం టిఫిన్ల వైపు వెళ్ళకుండా మంటపం పక్కకి నడిచాం. అక్కడ చిన్న గట్టుమీద మేళంవాళ్ళు కూర్చున్నారు. తెల్లటి మీసాల పెద్దాయన సన్నాయి, ఆయన అల్లుడు డోలు, ఇంకొకాయన శ్రుతి పెట్టె. వాళ్ళ ముందు ఒక్క మనిషి లేడు. మా ఆవిడ రెండు కుర్చీలు లాగి, పెళ్ళికి వీపు పెట్టి, మేళానికి ఎదురుగా వేసింది. వందల కుర్చీలున్న ఆ పందిట్లో అటు తిరిగున్నవి మావి రెండే. వీడియో అతను వచ్చి, "అన్నా, జర ఇటు దిరుగున్రి, వీపులొస్తున్నయ్" అని బతిమాలాడు. ముహూర్తం దగ్గరపడిందని పంతులుగారు డీజే ఆపించారు. పెద్దాయన సన్నాయి దించి, మమ్మల్ని అయోమయంగా చూశాడు.

"ఏంది బిడ్డా, గిట్ల మా ముంగట కూసున్నరు? పెండ్లి ఆడ అయితాంది."

"మీ సన్నాయి వినడానికే వచ్చామండీ," అంది మా ఆవిడ. "ఆ గోడ అవతలే మా ఇల్లు. మోహన ఎంత బాగా వాయించారండీ! డీజే అడుగున ఉండిపోయింది, సరిగ్గా వినబడలేదు."

ఆయన మీసాలు కొంచెం కదిలాయి. "మోహన అని ఎరుకైందా నీకు? మెదక్ దిక్కునుంచి వచ్చి గిన్నేండ్లాయె, గీ పందిట్ల నన్నెవ్వలు గట్ల అడగలే బిడ్డా. గట్టిమేళం అన్నప్పుడే మేము యాదికొస్తం." అని అల్లుడి వైపు తిరిగి ఏదో సైగ చేసి, సన్నాయి ఎత్తాడు. ఈసారి మాకోసం వాయించాడు. నాకు వర్ణించే శక్తి లేదు. ఆ గాలి గొట్టంలోంచి వస్తోందా, ఆయన గుండెల్లోంచి వస్తోందా తెలియలేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది, కళ్ళ చివర నీళ్ళు నిలబడ్డాయి. అది చూసి నేను ఒళ్ళు మరిచిపోయాను. ఒళ్ళు మరిచిపోతే నేనేం చేస్తానో మీకు ముందే చెప్పాను. ఒక మంచి చోట సన్నాయి జివ్వున పైకి లేచింది. "ఆహా!" అంటూ నా కుడిచెయ్యి కూడా లేచింది, చూపుడువేలు ఆకాశంవైపు నిటారుగా నిలబడి గిరగిరా తిరిగింది.

పెళ్ళి పందిట్లో చూపుడువేలు పైకెత్తి తిప్పితే దానికొక అర్థముంది, అది తెలుగునాట పసిపిల్లలకి కూడా తెలుసు. తాళి కట్టే క్షణంలో పంతులుగారు "గట్టిమేళం" అంటూ చేసే సైగ అది. డోలు అల్లుడి కళ్ళు ఏళ్ళ తరబడి ఆ వేలికోసమే కాసుకుని ఉంటాయి. వేలు కనబడింది, అంతే, డోలు పిడుగులా పేలింది! పెద్దాయన చెయ్యీ ఆగలేదు. పందిరి మొత్తం లేచి నిలబడింది. నాలుగువైపులనుంచి అక్షింతలు వానలా కురిశాయి. మంటపంలో పెళ్ళికొడుకు ఖాళీ చేతులతో బిత్తరపోయి చూస్తున్నాడు. తాళి ఇంకా కొబ్బరికాయమీదే ఉంది, పళ్ళెంలో పెట్టుకుని ముత్తయిదువులందరిచేతా దణ్ణాలు పెట్టిస్తూ ఎవరో ఆరో వరసలో తిప్పుతున్నారు. "ఎవరయ్యా గట్టిమేళం అన్నది? ఆపండి, ఆపండి!" అని పంతులుగారు మైకులో కేకలు. వీడియో అతను మాత్రం, "మల్లొక్కసారి ఏయున్రన్నా, అక్షింతలు నాకు సక్కగ వడలే" అన్నాడు. అందరి చూపూ మేళంమీదికి మళ్ళింది, మేళం చూపు నామీదికి మళ్ళింది. నా వేలు ఇంకా పైనే ఉంది.

పెళ్ళికూతురి తండ్రి మంటపం దిగి గబగబా వచ్చాడు. తలమీద అక్షింతలు, కళ్ళలో నిప్పులు. "ఎవలయ్య మీరు? ఎవల తరఫోళ్ళు?" రెండువైపులా అనే నా పాత సమాధానం ఇక్కడ చెల్లదని తెలిసిపోయింది. భూమి చీలితే బాగుండునని నిజంగా నేలవంక చూశాను. అప్పుడు మా ఆవిడ లేచి నిలబడి, చేతులు జోడించి, వణకని గొంతుతో అంది.

"మేం సన్నాయి తరఫండీ."

ఆయనకి ఒక్క క్షణం అర్థం కాలేదు. మమ్మల్ని చూశాడు, అటు తిరిగున్న మా రెండు కుర్చీల్ని చూశాడు, సన్నాయి ఒళ్ళో పెట్టుకుని తలొంచుకున్న పెద్దాయన్ని చూశాడు. ఈలోగా తెర వెనకనుంచి కిలకిలమని నవ్వు. పెళ్ళికూతురు! ఆ నవ్వు పక్కనున్న అక్కచెల్లెళ్ళకి అంటుకుంది, పెళ్ళికొడుక్కి అంటుకుంది, చివరికి పందిరంతా పాకింది. ముందు వరసలోని నాయనమ్మ కర్ర ఊపుతూ, "ఊకోరా కొడకా! అక్షింతలు వడితె ఏమైతది? రెండుసార్లు వడితె రెండింతలు సల్లగుంటరు" అని తీర్పు చెప్పేసింది. ఆయన మొహం మెల్లగా సడలింది. "సరే అమ్మా, సన్నాయి తరఫోళ్ళు మంచిగ కూసోని ఇనున్రి. గని గా సార్ చెయ్యి మాత్రం తాళి కట్టేదాంక జర పట్టుకో" అన్నాడు. మా ఆవిడ వెంటనే నా కుడిచేతిని తన ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులతో బిగించి పట్టుకుంది. పెళ్ళయ్యాక నలుగురిలో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. అసలైన గట్టిమేళం మోగినప్పుడు నాకది సరిగ్గా వినబడనేలేదు.

తాళి కట్టడం అయ్యాక ఆయన డీజే దగ్గరికి వెళ్ళి, "బువ్వలు అయ్యేదాంక గది బంద్ వెట్టు. పెద్దాయనను వాయించనీ" అన్నాడు. ఆ మధ్యాహ్నం భోజనాల పొడుగునా సన్నాయి వినిపించింది. కొందరు విస్తరి పట్టుకుని కుర్చీలు ఇటు తిప్పుకున్నారు, ఎక్కువమంది తిప్పుకోలేదు, అయినా ఫరవాలేదు. మేం వెళ్ళొస్తామంటే పెద్దాయన మా ఆవిడ తలమీద చెయ్యి పెట్టి, "ఆషాఢంల రా బిడ్డా. అప్పుడు మాకు పనుండదు, ఫికరుండదు. కడుపునిండ వాయిస్త" అన్నాడు. ఇంటి మెట్లెక్కుతూ మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఒక మెట్టు ఎక్కడం, నా వేలు గుర్తు రావడం, అక్కడే కూలబడి నవ్వడం. హైదరాబాదు వచ్చాక ఆవిడ నవ్వగా నేను చూడ్డం అదే మొదలు. ఇంట్లోకి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, మూలనున్న తంబూరా సంచి ముడి విప్పింది. నేను భయపడుతూనే, "మరి... సోమవారం రైలు?" అన్నాను. "ఎక్కద్దూ?" అంది తీగలు సవరిస్తూ. "బదిలీ కాగితాలమీద సంతకం పెట్టాలంటే నేనే వెళ్ళాలి కదా."

ఇప్పటికీ అదే ఇంట్లో ఉన్నాం. తెల్లాపూర్‌లో మంచి కాలనీలొచ్చాయి, మారమని పిన్ని పోరుతూనే ఉంటుంది. శ్రావణం వస్తే మా కిటికీ అద్దాలు యథాప్రకారం దడదడలాడతాయి, మేం ఒకరితో ఒకరం అరిచి మాట్లాడుకుంటాం. కానీ ఆషాఢం వస్తే చూడండి! లోకానికి అది ఖాళీ నెల, మాకు కచేరీల కాలం. ఆ ఖాళీ గడ్డిమీద, టార్పాలిన్ తీసి దించిన నాలుగు కుర్చీల్లో మేం, వాచ్‌మన్ అన్న కుటుంబం, సందులోవాళ్ళు, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చే మా పిన్ని, మాటలాడని బాబాయి. పెద్దాయనకి ఊపిరి కొంచెం తగ్గింది, ఆయన ఆగినచోట మా ఆవిడ గొంతు అందుకుంటుంది. గోడకి అవతల, మా పక్క వాటా బాల్కనీలో, ఇల్లు చూడ్డానికొచ్చిన కుర్రాడెవడైనా కళ్ళు మూసుకుని నిలబడితే నాకు జాలీ వేస్తుంది, ముచ్చటా వేస్తుంది. శ్రావణంలో ఓసారి వచ్చి చూసుకో నాయనా అని చెబుతాను. అప్పటికే వాడు ఎవరికో ఫోను కలిపేసి ఉంటాడు.

ఇప్పుడు ఏ పెళ్ళికెళ్ళినా సన్నాయి మొదలవగానే నా కుడిచెయ్యి మా ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోతుంది. చూసినవాళ్ళు ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యమో అని ముచ్చటపడతారు. ఆవిడ భయం ఆవిడది. మొన్న ఒక పెళ్ళిలో గట్టిమేళం అయిపోయింది, అక్షింతలు పడిపోయాయి, మేళంవాళ్ళు డోలు సంచిలో పెట్టేసుకున్నారు, జనం భోజనాలకి లేచారు. నా చెయ్యి ఇంకా ఆవిడ ఒళ్ళోనే ఉంది. "ఇంక ప్రమాదమేం లేదుగా, వదలొచ్చు" అన్నాను.

"ఉండనివ్వండి, మీ సొమ్మేం పోయింది" అంది.